మామిడి మాను మీద పసుపు

"అమ్మమ్మా, చెట్టు మీద పసుపు మచ్చ గోకితే అంత కేకేశావేంటి?"

కేకెయ్యనా మరి! ఆ చెంచా అక్కడ పడేసి ఇలా వచ్చి కూర్చో. నీ సైన్సు ప్రాజెక్టుకి ఆకులు ఎన్నైనా కోసుకో, ఆ పసుపు జోలికి మాత్రం పోకు. దానికి మనం రుణపడి ఉన్నాం తల్లీ.

మేం ముందు ఈ తోటలో ఉండేవాళ్ళం కాదు కదా. కొవ్వూరు అవతల, ఉప్పుడు బియ్యం మిల్లు పక్కనే మన ఇల్లు. మీ అమ్మ అప్పటికి కాలేజీ... కాదు కాదు, టెన్తు. సైకిలు కొనమని గోల చేసేది, అందుకు గుర్తు. ఆ మిల్లు గొట్టంలోంచి ఒకటే ఊక పొగ. ఆరేసిన బట్టలు బూడిద దులిపి కట్టుకోవాలి. మీ తాతయ్యకేమో ఉబ్బసం. పడుకుంటే ఊపిరాడదు, ఒళ్ళో దిండు పెట్టుకుని దాని మీదకి వంగి కూర్చునేవారు. "ఏమేవ్" అని ఆగి, ఊపిరి తీసుకుని, అప్పుడు "మంచినీళ్ళు" అనేవారు. పొగకి దూరంగా పోకపోతే నా మందులు పనిచెయ్యవండీ అని డాక్టరుగారు తేల్చి చెప్పేశారు.

ఇళ్ళు చూడ్డానికి మా తమ్ముణ్ణి వెంటబెట్టుకెళ్ళాం. అదే, మీ చినతాత, బోటనీ మేష్టారు. వాడు ఇల్లు చూస్తేనా! పెంకులు చూడరా, నుయ్యి చూడరా అంటే చెట్లకి ముఖం ఆనించి తిరిగేవాడు. ఇక్కడికొచ్చాక ఆగిపోయాడు. మామిడి మాన్ల నిండా ఇదే పసుపు. "అక్కా, ఇదే ఇల్లు" అన్నాడు.

లైకెన్ అంటారట దీన్ని. ఒకటి కాదు, రెండట. బూజూ నాచూ కలిసి కాపరం. బూజు ఇల్లు కడితే నాచు ఎండలో వంట చేస్తుందట. చెట్టుని తినదు, బెరడు మీద అద్దెకున్నట్టు ఉంటుందంతే. వేళ్ళు లేవుగా, తిండీ నీళ్ళూ గాల్లోంచే. అందుకే పొగ తగిలితే బతకదట. "మిల్లు పక్క చెట్లకి ఎప్పుడైనా చూశావా?" అన్నాడు. ఆలోచిస్తే, నిజమే, అక్కడన్నీ నల్లటి బెరళ్ళే!

ఇంకేం, సామాను కట్టేద్దాం అనుకుంటే, ఇల్లు చూడ్డానికి వచ్చిన మా అత్తగారు, అంటే మీ తాతయ్య వాళ్ళమ్మ, అడ్డం తిరిగింది. ఎవరో పసుపు పూసి చేతబడి చేశారంట, నా కొడుకు ఈ గడప తొక్కడానికి వీల్లేదంట. ఆయనా తల్లి మాట దాటరు. మా తమ్ముడు బూజూ నాచూ అని పాఠం చెప్తే, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే! నాకు ఏడుపొచ్చి అదిగో, ఆ మెట్టు మీదే కూలబడ్డాను. మనిషి నా కళ్ళముందే పోతాడేమోనని భయం, చెప్పుకోడానికి ఎవరున్నారు?

ఏమనుకుందో, ఆవిడే లేచెళ్ళి ఆ పసుపుని వేలితో రుద్ది వాసన చూసింది. పసుపు వాసన లేదు. చెంబుతో నీళ్ళు చల్లింది. పోలేదు సరికదా, ఆకుపచ్చగా తిరిగింది. తలెత్తి చూస్తే పై కొమ్మల దాకా ఉంది. "అంత పైకెక్కి ఏ మనిషి పూస్తాడే? ఆ అమ్మవారే పూసుకుంది" అని లెంపలేసుకుని, శుక్రవారం పాలు పొంగించమంది! తమ్ముడు నోరు తెరవబోతే కాలు తొక్కాను.

వచ్చిన రెండు నెలలకేమో, ఓ పొద్దున్న చూద్దును కదా, దిండు కింద పడుంది, మీ తాతయ్య వెల్లకిలా ఉన్నారు. హడలిపోయి ముక్కు దగ్గర వేలు పెట్టాను. నిద్ర! హాయిగా నిద్ర! మందులు మానలేదనుకో, అదీ చెప్పాలి. కానీ ఆ దిండు మళ్ళీ ఒళ్ళోకి రాలేదు.

నీ బారసాలకి చెవిలో పేరు చెప్పమని నిన్ను ఆయన ఒళ్ళో పెట్టారు. మీ నాన్నగారి వైపు వాళ్ళు పెట్టిన పేరేమో గోదారి బ్రిడ్జంత! ఎక్కడ ఆగిపోతారోనని నేను పమిట కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన వంగి, వెంకట సత్య సూర్య లక్ష్మీ ప్రసన్న అని, మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశారమ్మా. ఎక్కడా ఆగలేదు.

అదీ సంగతి. ఆయన వెళ్ళిపోయి మూడేళ్ళయినా, పొద్దున్నే ఆ చెట్టు మీద చెయ్యేసి గానీ వంటింట్లోకి వెళ్ళను. నువ్వు గోకిన చోట గోరంత పోయిందిలే. అది మళ్ళీ పెరిగేసరికి నీకు పెళ్ళీడొస్తుంది. ఎందుకే ఆ కళ్ళనీళ్ళు? ఇలా రా. నిండు నూరేళ్ళూ నోరారా మాట్లాడుతూ ఉండు తల్లీ, ఎక్కడా ఆగకుండా...