చెంప మీద తెల్లటి వేళ్లు

ఎనభయ్యారు ఎండాకాలం. నర్సింహులపేట సబ్‌స్టేషన్‌లో ఇంజనీరు కరెంటు ఆపేశాడని రైతులు కర్రలతో గేటు విరగ్గొట్టి లోపలికొచ్చారు. ముందున్న పెద్దాయన ఒక్క చెంపదెబ్బకు అతని నోట నెత్తురు తెప్పించాడు. సద్దిడబ్బాతో వచ్చిన అతని కొత్త పెళ్లాం, బల్లమీది కెమెరా అందుకుని ఇద్దరి మధ్యలో దూరింది.

“జరుగు బిడ్డా! లైనుకు జరమొచ్చిందట! మా వరి ఎండుతుంటె గిదా సాకు? ఇయ్యాల వీని బొక్కలిరుగుతయి!”

“ఇరగ్గొడుదురు గని పెద్దనాయినా, ముందుగాల గీ కెమెరాల చూడుండ్రి. పట్నం నుంచి తెచ్చిండ్రు. వేడి ఉన్నకాడ తెల్లగ చూపెడ్తది.”

“పెండ్లి ఫొటోలు దిగెటందుకా?”

“పొద్దుగాల నేను గోడమీద చెయ్యి వెట్టి తీసిన. చెయ్యి తీసినా గోడమీద వేళ్లు కనవడ్డయి! మేమిద్దరం ఎంత నవ్వుకున్నమో! జర మా ఆయన చెంప చూడుండ్రి.”

పెద్దాయన కర్రను చంకలో ఇరికించుకుని, ఒక కన్ను మూసి చూశాడు.

“ఓరి! తెల్లగ ఐదు వేళ్లు!”

“మీయే. ఇప్పుడు గా ట్రాన్స్‌ఫార్మర్ మీద తీగెల అతుకు చూడుండ్రి. కరెంటు ఆపినా సల్లారలే.”

“గది చెంప కంటె తెల్లగున్నది! దాన్నెవరు కొట్టిండ్రు బిడ్డా?”

“మీ మోటర్లన్నీ ఒక్కపారి కొట్టినయి. ఇప్పుడు బిగిస్తె పొద్దుగూకెవరకు నీళ్లొస్తయి. లేకుంటె పేలుతది, పంట మొత్తం పోతది.”

పెద్దాయన చంకలోని కర్ర జారి కిందపడింది.

“మరి సారు చెంప ఎట్ల సల్లారుతది?”

“గది నేను చూసుకుంట గని, మీరు పోయి గేటు నిలవెట్టుండ్రి.”