కొండగోగు కింద నల్లమట్టి

నల్లగండ్ల అపార్ట్‌మెంట్ల నడుమ పార్కు. రాత్రంతా వాన. సెక్రటరీ వెంకటరామయ్యగారికి ఆదివారం పూట ప్రశాంతంగా నడిచే యోగం లేదు. చర్చికి బయల్దేరిన సోషల్ టీచర్ సెలీనా చెప్పులు చేతబట్టుకుని కొండగోగు చెట్టు కింద బురదలోకి దిగింది.

“ఈ మట్టి తీయిస్తరా, తీయించరా? ఒక్కటే మాట చెప్పుండ్రి అంకుల్.”

“ముందు నువ్వు బయటికి రామ్మా. చర్చికెళ్లే చీర, పాడైపోతుంది.”

“చీర ఫికర్ మీకెందుకు? చెట్టు చస్తున్నది, దాని ఫికర్ చెయ్యిండ్రి! గోరుతో గీకితే బెరడు ఊడొస్తున్నది.”

“వానలు కదా, తేరుకుంటుందిలే.”

“ఏం తేరుకుంటది? ఆగస్టొచ్చింది, ఒక్క చిగురు లేదు. మోకాలెత్తు నల్లమట్టి పోయిస్తిరి. నీళ్లు దిగవు, వేళ్లకు గాలాడదు.”

“నేను పోయించింది మంచి మట్టమ్మా! ఒండ్రు. ఇక్కడేముందీ, ఎర్రగా, గరుగ్గా, రాళ్లు తప్ప…”

“ఆ రాయే ఈ మట్టి అంకుల్! గుట్ట ఎండకు పగిలి, వానకు నాని, వేల ఏండ్లకు ఇంత మట్టైంది. దాంట్ల ఇనుము తుప్పుపట్టి ఎర్రగైంది. నీళ్లు నిలవవు, అందుకే ఇక్కడ తంగేడు మొలిచింది, కొండగోగు మొలిచింది. ఎవ్వడు నాటలే. బిల్డరు గుట్టంతా పేల్చి గిదొక్కటి మిగిల్చిండు. దాన్ని మీరు…”

“చంపాలనుకున్నానా? మార్చిలో చూస్తే ఒక్క ఆకు లేదు. పాపం తిండి లేక ఎండిపోతోందని…”

“ఆకు రాల్చకుంటే ఎండాకాలం ఎట్ల బతుకుతది? కొమ్మలనిండ పసుప్పచ్చ పూలుండె, కనబడలేదా?”

“మా వైపు చెట్లు ఎండల్లోనూ పచ్చగానే ఉంటాయి. నాకేం తెలుసు?”

“తెల్వకుంటే అడగాలె! రోజూ లిఫ్టులో కలుస్తం గద, నన్నడిగితే చెప్పకపోదునా? సరే, అయిందేదో అయింది. ఇయ్యాల లారీ పిలిచి ఎత్తిపోయించుండ్రి.”

“కుదరదు.”

“ఎందుకు కుదరదు?”

“కుదరదంటే కుదరదు. ఇంకో మొక్క తెప్పిస్తాను, ఇక వదిలెయ్.”

“మొక్క తెస్తరు. గుట్ట తెస్తరా?”

“మాట జాగ్రత్త సెలీనా!”

“నాకేం జాగ్రత్త? ఇక్కడి నేల మీ కంటికి ఆనదు, గంతే! ఏడికెల్లి తెచ్చిండ్రు గీ మట్టి?”

“దూరం నుంచి.”

“దూరమంటే?”

“అబ్బా… తెనాలి అవతల నుంచి. చాలా?”

“తెనాలి నుంచి మట్టి మోసిండ్రా? పిచ్చి గిట్ల పట్టిందా మీకు? పోనీ, ఏడికెల్లి తెచ్చిండ్రో ఆడికే వాపస్ పంపుండ్రి!”

“అక్కడ చోటేదమ్మా? అది మా పొలం. అన్నదమ్ములం కలిసి అమ్మేశాం. ప్లాట్లు వేస్తూ పైమట్టి ఇటుకబట్టీకి తోలేస్తుంటే, లారీకి అడ్డం పడి ఇంత తెచ్చుకున్నాను. చెట్టు చావనివ్వను, ఇవాళే తీయిస్తాను. ఎక్కడ పోయించాలో మాత్రం నువ్వే చెప్పు.”