తాతయ్యను లేపిన పాట

ఆ రోజు జపాన్‌లో నీగాతా దగ్గరి పల్లెలోని ఆ ఇంట్లో ఉన్నది నానమ్మ, మనవరాలు చిజురు, ఒక ముసలి పిల్లి, పక్క గదిలోని చెక్క మందిరంలో ఫోటోగా మారిన తాతయ్య. చిజురు పాడిన మొదటి ఆల్బమ్ మర్నాడే సీడీలు అచ్చేసే ఫ్యాక్టరీకి వెళ్లాలి. ఫోనులో పాట విన్న నానమ్మ కనుబొమలు ముడిచింది.

“ఇందులో మోగేది మీ తాతయ్య మందిరం ముందుండే గంటేనా?”

“అదే నానమ్మా. పాటంతా దాని మీదే నిలబడింది.”

“ఎన్నిసార్లు కొట్టావే?”

“నలభైసార్లు. ఒక పట్టాన కుదరలేదు.”

“అన్నం పెట్టావా?”

“ఎవరికి?”

“ఆయనకే. అన్నం పెట్టి గంట కొడితేనే కదా ఆయన వచ్చేది. నలభైసార్లు పిలిచి ఉత్త గిన్నె చూపించావన్నమాట. అసలే మోకాళ్ల నొప్పుల మనిషి.”

“పోయాక కూడా నొప్పులుంటాయా?”

“ఎదురు చెప్పకు. ఆ గంట తీసెయ్.”

“తీసేస్తే నా దగ్గు ఒక్కటే మిగులుతుంది.”

“మరి నువ్వు పాడేదెక్కడే?”

“ఆ దగ్గే పాట నానమ్మా. కొత్త రకం.”

నానమ్మ కాసేపు పిల్లి వంక చూసింది.

“బతికుండగా నేను వందసార్లు పిలిచినా పలికేవాడు కాదు. నీకేమైనా పలికాడా?”

చిజురు తల అడ్డంగా ఊపింది. నానమ్మ చిన్న గిన్నెలో వేడన్నం పెట్టుకుని, రెండో చేత్తో ఫోను అందుకుంది.

“వినిపించి అడుగుతాను. ఆయన ఉంచమంటే ఉంచు, వద్దంటే తీసెయ్.”

“నేనూ వస్తాను.”

“మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటుంటే మధ్యలో నీకేం పని?”

నానమ్మ పక్క గదిలోకి వెళ్లి, కాలితో తలుపు జరిపి మూసేసింది.