గేర్‌బాక్సుల ఏం నంబరు పొయ్యాలె?

అయితె దుబ్బయ్య చెప్పిండని గేర్‌బాక్సుల నూటనలభై నంబరు ఆయిల్ పోస్తివి! మస్తు మంచి పని చేసినవ్ పో. ఆయన కంటె పెద్ద మెకానిక్ సిద్దిపేటల ఎవడున్నడు? చాయ్ హోటల్ పెట్టినంక ఆయన నడిపిన బండి సైకిలొక్కటే. గా చెయిన్‌కు సుత కొబ్బరినూనె పూస్తడు!

లారీ కింద పండుకుంటె నా మాట ఇనవడదా? జర ఆ పానా చప్పుడు ఆపు.

నంబరు పెద్దగుంటె ఆయిల్ మంచిదా? మరి జరం నూటరెండు కంటె నూటనాలుగు మంచిదా? నూటనలభై వెనక యాక్సిల్ల పోసేదట. బెల్లంపాకం లెక్క చిక్కగుంటది, గేర్లు ఎట్ల పడతయి? నాకెట్ల తెల్సు అంటవా? ఆగు, చెప్త.

పొద్దుగాల రెండో గేరు ఎయ్యనీకి రెండు చేతులతోని గుంజుతుంటివి. పక్కింటి ప్రమీలాదేవి వచ్చి, "మీ ఆయన లారీ కొత్తగ నేర్చుకుంటుండా?" అని అడిగింది. నేనేం చెప్పాలె?

నిన్న ఆయిల్ దుకాణంల ఇంకో ముచ్చట. ఆయిల్ వేళ్ల నడుమ రాసి, ముక్కుకాడ పెట్టి, కండ్లు మూసుకుంటివి. నెయ్యి కొంటున్నవా? దుకాణపాయన నవ్వాపుకోలేక లోపలికి పోయిండు.

ఊరంత అడిగినవ్, మెకానిక్ రిజ్వాన్ భాయ్‌ని తప్ప. గీ బండి కొన్నకాడికెల్లి ఇప్పి బిగిచ్చేటోడు ఆయనే గదా! ఏమన్నడు పాపం? "కర్ణాకర్ భాయ్, గేర్ల తప్పు లేదు, నీ చెయ్యే మొరటు" అన్నడు. హోటల్ల నలుగురి ముందల అన్నడని మాటలు బంద్! ఉన్నమాటంటె ఉలుకెక్కువ. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, ఆయన మీది కోపం గేర్‌బాక్సు మీద చూపిస్తివి.

కుకునూరుపల్లి మిల్లోళ్లు మల్ల ఫోన్ చేసిన్రు. మాపటికల్ల బియ్యం లోడు ఎత్తకుంటె వేరే లారీకి ఇస్తరట, ఇంక మనల్ని పిలువరట. అప్పుడు నీ రోషం వండుకొని తిందమా?

ఒక్కటి చెప్పనా, కోపానికి రావద్దు. భాయ్‌తోని మాటలు బందైనకాడికెల్లి నువ్వు నవ్వుడే మరిచినవ్. చాయ్ తాగనీకి ఒక్కనివే పోతవ్, సగం తాగి వస్తవ్. నాకు బాధయితది.

అయ్యో, దబ్బున లేవకు, తల తగుల్తది! నీకు గాడికెల్లి కనవడ్తున్న చెప్పులు ప్రమీలాదేవివి కావు. రిజ్వాన్ భాయ్‌వి.

నేనే ఫోన్ చేసిన. ఏం పొయ్యాలెనో ఫోన్లనే చెప్పిండు, ఎనభై-తొంభై అని ఒకటే నంబరట. నాకు మంచిగనే సమజైంది. అయినా, "నాకు సమజైత లేదు భాయ్, మీరే వచ్చి ఆయనకు చెప్పుండ్రి" అన్న. అబద్ధమే ఆడిన. ఏం జెయ్యాలె మరి?

భాయ్, మీరేంది గోడ దిక్కు చూస్తున్నరు? గోడకు చెప్తరా నంబరు?

ఇగో వర్షిత నాయినా, నువ్వు బయటికొస్తవా, ఆయన్నే కిందికి పంపాల్నా?