నా పెళ్ళి పేరు మీదొచ్చిన ఫట్‌ఫటియా

— మామ్మా, మోటారు సైకిలు లోనుకి జామీను కావాలంట. నువ్వు సంతకం ఎడతావా?

ఏటీ, మోటారు సైకిలా? మళ్ళీనా? ఓలమ్మో! మీ ఇంటి మగోళ్ళకి ఈ పిచ్చి ఒగ్గదేట్రా? కూకో ముందు. సంతకం సంగతి తరవాత సూద్దాం. మీ తాత, అదే మా అన్నియ్య, ఫట్‌ఫటియా ఎలగ కొన్నాడో మీ నాన్నెప్పుడైనా సెప్పినాడా? సెప్పడు. ఎలగ సెప్తాడు, సిగ్గు కాదూ!

అప్పుడు మాం బెంగాలు వేపు రైలు క్వార్టర్లో ఉండీవోళ్ళం. మాయమ్మ, అన్నియ్య, నాను. అన్నియ్య ఒర్కుషాపులో ఫిట్టరు. నాకు పంతొమ్మిదో... కాదు, ఇరవై నిండిపోయినాయి. మెట్రిక్ పాసయ్యి రైలాసుపత్రిలో నర్సు టైనింగుకి పేరిచ్చినాను. మేట్రనమ్మ ఎంచుకుంది కూడాను. పెళ్ళి కాని పిల్లల్నే తీసుకునీవోరు అప్పుడు. ఆ ముక్క గురుతెట్టుకో.

ఈ మారాజుకి గోలుబజార్లో ఎవుడో ఫట్‌ఫటియా మీద ఎల్తంటే దాని మీద కన్నుపడిపోయింది. తిండి సయించదు, నిద్దర లేదు. పెట్రోలు లీటరు రూపాయి లోపే గదే అమ్మా అంటాడు. బండి కొనడానికి డబ్బులేవిరా అంటే సొక్కా తగిలించుకొని మళ్ళీ బజారుకెల్లిపోతాడు. ఒర్కుషాపోళ్ళ సొసైటీలో అప్పిస్తారు గాని, దేనికిస్తారు? పెళ్ళికిస్తారు, రోగానికిస్తారు, సావుకిస్తారు. షోకుకిస్తారేటి? ఈడేటి సేసినాడో తెలుసా? "సెల్లి పెళ్ళి" అని రాసీసినాడు! నాకో ముక్క సెప్పలేదు. అప్పలసామి మావ, దత్తా దాదా, ఇద్దరూ ఈడితో పన్జేసీవోళ్ళే, నమ్మి జామీను సంతకాలెట్టీసినారు.

బండొచ్చింది. ఎర్రగా, గుమ్మానికడ్డంగా. వాయిదాల మీద తెచ్చినానన్నాడు. పోన్లే అనుకున్నాం.

ఇప్పుడు ఇను. అన్నియ్య ఒర్కుషాపులో ఎవరింట్లో పెళ్ళైనా అందరూ తలా ఇంత ఏసుకొని ఇత్తడి బిందె కొనీవోరు. కొని, ఆళ్ళ సేత్తోనే, ఇనప అచ్చులెట్టి సుత్తితో పేర్లు కొట్టీవోరు దాని మీద. జీతాలైన ఆదివారం పొద్దున్న సూద్దును గదా, పదిమంది దాకా మా గుమ్మంలో ఉన్నారు. తెలుగోళ్ళు, బెంగాలోళ్ళు, ఒక ఒడియా ఆయన. బిందె మీద "రత్నాలు" అని నా పేరు, పక్కన ఖాళీ. "కీ రే రొత్నా, బొర్ కొథాయ్?" అంటాడు దత్తా దాదా. పెళ్ళికొడుకేడీ, పేరు సెప్తే అక్కడ కొట్టెడతాం, నీ పెళ్ళికే గదా మీ అన్న సొసైటీలో అప్పు తీసినాడు అని.

మాయమ్మ నోరెళ్ళబెట్టింది. అన్నియ్య బండి తుడుస్తన్నాడు, తుడిసిందే తుడుస్తన్నాడు, తలెత్తడు. దాదా ఇంకో మాటన్నాడు. ఆళ్ళ ఆవిడ ఆసుపత్రిలో ఆయా కదా, ఈ సంబరం మేట్రనమ్మకి సెప్పీసిందంట. నా సీటు ఇంకో పిల్లకిచ్చీమన్నాదంట మేట్రనమ్మ.

ఒళ్ళు మండిపోయింది బావూ! ఏడుపూ ఒచ్చింది, కోపమూ ఒచ్చింది. సెప్తే అన్నియ్య పరువు పోద్ది. సెప్పకపోతే నా సీటు పోద్ది. మాయమ్మ నా కొంగట్టుకొని లాగుతోంది, ఊరుకోయే అని. ఎందుకూరుకోవాల? "నాకు పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు దాదా, ఇదిగో నా పెళ్ళికొడుకు" అని ఆ బండి సూపించీసినాను.

అప్పలసామి మావ తిట్టిన తిట్లు నీకు సెప్పకూడదు. మా సంతకాలతో షోకులు సేస్తావేట్రా అని మీదకెల్లినాడు. అయినా ఇంటికొచ్చినోళ్ళని బోయినం ఎట్టకుండా ఎలగ పంపుతాం? మాయమ్మ ఏడ్సుకుంటూనే పప్పుచారు కాసింది. తిన్నారు. తిని, సొసైటీకి మాం సెప్పం గాని, రేపు పొద్దున్న మేట్రనమ్మ దగ్గిర ఈ మాట నీ నోటితోనే సెప్పాల అన్నారు అన్నియ్యతో.

సెప్పినాడు. ఆవిడ ముందు సేతులు కట్టుకొని, సెవులెర్రబడిపోయి, అంతా సెప్పినాడు. నా సీటు నాకు మిగిలింది. నానూరుకున్నాననుకున్నావా? నా పెళ్ళి పేరు మీదొచ్చిన బండి నాదే అన్నాను. టైనింగైనంత కాలం రోజూ నన్ను ఆసుపత్రి కాడ దించీసి, అప్పుడు డ్యూటీకెల్లీవోడు మీ తాత. వానైనా, ఎండైనా. బండి ఆగిపోతే తోసుకుంటా!

ఆ బిందె ఏదంటావా? అదిగో, ఆ మూల. నా పేరు పక్కన సూడు. నాను పాసైన రోజు మీ తాత ఎవరికీ సెప్పకుండా ఒర్కుషాపుకి అట్టుకెల్లి, ఆ ఖాళీలో "నర్సు" అని కొట్టుకొచ్చినాడు. అచ్చరాలన్నీ వంకర. ఫిట్టరంట, ఫిట్టరు! తరవాత మా ఆయన, మరి నా పేరెక్కడ కొట్టిస్తావు అనడిగితే, సోటు లేదన్నాను.

ఆ కాయితం ఇటు తే. బండికనే రాసినావా, ఇంకేటైనా రాసినావా? ఊఁ. ఎక్కడెట్టాల? సల్లగుండు నాయనా, నిమ్మళంగా నడుపు. బండి రాగానే ముందు నన్నెక్కించుకొని ఆసుపత్రి గేటు దాకా తీసుకెల్లు. పనేటీ లేదు, ఊరికే. మీ తాత నన్ను దించీ సోట ఓసారి దించు.