రాజుగారి త్యాగాలు

"ఇంటర్వ్యూ అంటే నీకేం తెలుసురా జీవనూ? నేనెళ్ళినప్పుడు ఏం జరిగిందో చెబుతాను, విను" అన్నారు అబ్బాయిరాజుగారు, టీ గ్లాసు బెంచీ మీద పెట్టి కాలు మీద కాలేసుకుంటూ.

జీవన్ తల గోక్కున్నాడు. తను వచ్చింది కథ వినడానికి కాదు, ఒక్కరోజు సెలవు అడగడానికి. రేపు పొద్దున్నే ఏలూరులో చేపల మేత కంపెనీ వాళ్ళ ఇంటర్వ్యూ. డిగ్రీ చదువుకుని కూడా రాజుగారి చెరువులో వల లాగుతున్నవాడికి ఇన్నాళ్ళకి వచ్చిన పిలుపది. చావుకబురేమిటంటే, రేపే రాజుగారి చెరువులో పట్టుబడి. ఏడాది పొడుగునా మేపిన చేపని ఒక్కపూటలో వలేసి లాగి ఐసు లారీలకెత్తే రోజది. కొల్లేటి ఊళ్ళల్లో పట్టుబడికి అడ్డమొస్తే పెళ్ళి ముహూర్తమైనా వెనక్కి జరుపుకుంటారు గానీ వల మాత్రం వదలరు. వదిలినవాణ్ణి మళ్ళీ ఏ వల జట్టూ దగ్గరకి రానివ్వదు.

సాయంత్రం పూట రాజుగారు కొల్లేటికోట రేవులో సరోజ టీ బడ్డీ దగ్గర దొరుకుతారని వచ్చాడు. సరోజ వాడికి స్వయానా పిన్ని. వల జట్టు మేస్త్రీ యోసేపు కూడా అక్కడే బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. "రేపు ఇంటర్వ్యూ ఉందండీ" అన్న మాట జీవన్ నోట్లోంచి వచ్చీరాగానే రాజుగారు అందుకున్నారు. ఆయన అందుకున్న మాట మళ్ళీ మనకి తిరిగొచ్చేదెప్పుడు!

"ఏమడుగుతారంట?"

"కిందటిసారి వెళ్ళిన నెల్సన్ చెప్పేడండీ. చేపల గురించి ఒక్క ముక్కా అడగరంటండి. నీ జీవితంలో తీసుకున్న కష్టమైన నిర్ణయం ఏంటి, ఏం త్యాగం చేశావు అంటారంట. నాకేమో చెప్పుకోడానికి ఏం కనబడ్డం లేదండి. త్యాగం చెయ్యాలన్నా ముందు మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదండీ."

"ఓస్, అదా! నన్నూ అదే అడిగేరు. తాడేపల్లిగూడెంలో ఓ రైసుమిల్లు వాళ్ళు మేనేజరు కావాలని పిలిచేరు. లోపల ముగ్గురు, ఎండాకాలంలో టైలు కట్టుకుని. నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు కదా, చిన్నదే చెప్పేను. ఓసారి గూడెం స్టేషన్ దగ్గర ఆకలి దంచేస్తుంటే ఉప్మా పెసరట్టు చెప్పేను, ప్లేటు చేతికొచ్చింది, పక్కన ఒకాయన గుటకలేస్తూ చూస్తున్నాడు, పాపం అనిపించి సగం ఇచ్చేసేను."

"ఉప్మా ఉన్న సగమాండీ, లేని సగమా?" అన్నాడు యోసేపు.

"ఉన్న సగమే! అదే కదా కష్టమైన నిర్ణయం."

జీవన్ "అది కాదండీ, రేపు..." అనబోయాడు. రాజుగారు అరచెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగరా! వాళ్ళు ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, ఇంకోటి చెప్పండి రాజుగారూ అన్నారు. సరే, తుపాను ఏడాది సంగతి తీసేను. ఉప్పుటేరు ఎగదన్నేసింది, కొల్లేరు పొంగిపోయింది, ఓ పక్క నా చెరువు, ఓ పక్క ఊరు. గట్టు కొట్టి నీళ్ళు నా చెరువులోకి మళ్ళిస్తేనే ఊరు నిలుస్తుంది. పలుగు పుచ్చుకుని నా గట్టు నేనే కొట్టేసేను. చేపలన్నీ కొల్లేట్లోకి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెళ్తూ వెళ్తూ ఒక్కో చేపా ఆగి, తల పైకెత్తి, నన్ను చూసి మరీ వెళ్ళింది. ఇవాళ కొల్లేట్లో ఎవడు వలేసినా పడేది నా చేపల సంతానమే."

"ఆయ్, అందుకేనండీ, వాలుగ చేపలకి మీ మీసాలొచ్చేయి" అన్నాడు యోసేపు తల ఊపుతూ.

రాజుగారు మీసం దువ్వుకుని అది కూడా ఖాతాలో వేసుకున్నారు.

"ఇంతలో ఏలూరు రోడ్డుకి గండి! అవతల ఆర్టీసీ బస్సు, నిండా జనం, అందులో నొప్పులు పడుతున్న నిండు చూలాలు. చూద్దామంటే ఇసక బస్తాల్లేవు, మట్టి లేదు. ఏం చెయ్యాలి? గండికి అడ్డంగా నేనే పడుకున్నాను. బస్సు నా వీపు మీంచి వెళ్ళింది."

"అయ్యో, నొప్పెట్టలేదాండీ?" అంది సరోజ, నవ్వు కొంగులో దాచుకుని.

"వెళ్ళేటప్పుడు లేదమ్మా. వెనక్కొచ్చేటప్పుడు టాపు మీద ధాన్యం బస్తాలేసుకొచ్చేడు. అప్పుడు కాస్త."

ఇక ఆయన్ని ఆపడం ఆ ధాన్యం బస్తాల వల్ల కూడా కాలేదు. "ముగ్గురూ ఒకటే ఏడుపు! పెద్దాయన టైతో ముక్కు తుడుచుకుని, లేచి, ఈ కుర్చీ మీదేనండీ అన్నాడు. కూర్చున్నానా? కిటికీలోంచి చూస్తే, నా తర్వాత పిలవాల్సిన కుర్రాడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. ఉద్యోగం అతనికిచ్చెయ్యండి అన్నాను. ఆర్డరు మీ పేర టైపయిపోయిందండీ అన్నారు. అయితే పేరు కూడా ఇచ్చేస్తున్నాను, రాసుకోండి అన్నాను!"

"పేరాండీ?" అన్నాడు యోసేపు.

"ఇంటిపేరుతో సహా. ఇవాళ్టికీ గూడెంలో అబ్బాయిరాజంటే ఆ కుర్రాడే."

"మరి మీకో?"

"నాకెందుకూ? మా ఆవిడ ఏవండీ అంటుంది, మీరంతా రాజుగారూ అంటారు. నన్ను పేరు పెట్టి పిలిచినవాణ్ణి ఎప్పుడైనా చూసేరా?"

బడ్డీ అంతా గొల్లుమంది. జీవన్ కూడా నవ్వాడు గానీ లోపల ఒళ్ళు మండిపోతోంది. చీకటి పడబోతోంది. ఇప్పుడు అడక్కపోతే ఇక లేదు.

"రాజుగారూ, రేపు ఒక్కరోజు నన్ను వదిలెయ్యండి. ఇంటర్వ్యూకి వెళ్ళొస్తాను."

రాజుగారి కాలు మీద కాలు దిగిపోయింది. "రేపా? రేపు పట్టుబడిరా! లారీ చెప్పేసేను. మనిషి తగ్గితే వల ఓ పక్కకి ఒరిగిపోదూ? కుదరదు."

"బస్సు మోసినవారు, ఒక్క మనిషి బదులు తాడు పట్టుకోలేరాండీ?" అంది సరోజ.

"ఎగతాళులొద్దు. రేపు వల వదిలితే వీడు మళ్ళీ నా చెరువు గట్టు ఎక్కక్కర్లేదు. అంతే."

యోసేపు ఖాళీ గ్లాసు సరోజకిచ్చేసి తువ్వాలు దులుపుకున్నాడు. పట్టుబడి నాడు వల వదలకూడదన్న కట్టుబాటు మేస్త్రీగా అతనిదీ కదా. జీవన్‌కి నిజంగానే భయం వేసింది. ఇంట్లో అమ్మకీ తనకీ నాలుగు మెతుకులు పెడుతున్నది ఆ వలే. రేపు ఆ కంపెనీ వాళ్ళు కూడా పొమ్మంటే రెంటికీ చెడ్డ రేవడి అయిపోతాడు. ఏలూరు వెళ్ళే మొదటి బస్సు గురించి ఆలోచించాడు. అమ్మ గురించి ఆలోచించాడు. లేచి నిలబడ్డాడు.

"అయితే రానండి" అన్నాడు. "వాళ్ళకేం చెప్పాలా అని తెగ వెతుక్కుంటున్నానండి. మీ దయవల్ల ఇప్పుడే దొరికింది. పట్టుబడి నాడు వల వదిలేసి మీ దగ్గరకి వచ్చేనండీ, ఉన్న పని పోగొట్టుకుని మరీ వచ్చేనండీ అని చెబుతాను. ఎవరి చెరువని అడిగితే అదీ చెబుతాను."

రాజుగారు గతుక్కుమన్నారు. "ఒరే ఒరే, నేను వాడేది ఆ కంపెనీ మేతేరా! నలుగురిలో నా పరువేం కాను? నా పేరు మాత్రం చెప్పకు."

"ఏ పేరండీ?" అన్నాడు జీవన్, ఎంతో మర్యాదగా. "గూడెంలో ఇచ్చేసేరు కదండీ."