పాలపళ్ల గది నిలిచిన రోజు

అధ్యక్షులు గురునాథం గారికి, వారి పక్కన కూర్చున్న పాస్టరయ్యగారికి, తర్లుపాడు నుంచీ పెద్దారవీడు నుంచీ బండ్లు కట్టుకొని వచ్చిన పెద్దలకు, బిడ్డలను ఒళ్లో వేసుకొని ముందు వరుసలో కూర్చున్న అమ్మలకు, అక్కలకు ఈ గిద్యోను వందనాలు. మా అమ్మాయి జ్ఞానమ్మకు దండ వేసి నన్ను మాట్లాడమన్నారు. పలకల గనిలో రాయి చీల్చుకొని బతికినవాణ్ణి, మూడో తరగతితో బడి మానినవాణ్ణి, మాట తప్పితే మన్నించండి. ఈ రోజు నా సంతోషం నోట్లో ఆగడం లేదు, ఆపుదామంటే అక్కడ పళ్లూ లేవు! (నవ్వులు)

మిషను కమిటీవారు పొద్దున కబురు పంపినారు, మన ఆసుపత్రిలో జ్ఞానమ్మ నడిపే పాలపళ్ల గదిని ఎత్తివేయబోమని, ఇక ఎప్పటికీ ఇక్కడే ఉంటుందని! మళ్లీ చెప్పమంటారా? ఎప్పటికీ ఇక్కడే! (చప్పట్లు)

మిషనువారి దయతో కలకత్తా పోయి పళ్ల వైద్యం చదివి వచ్చిన పిల్ల, వస్తూనే పసిబిడ్డలకు వేరే గది కావాలని అడిగింది. కమిటీవారు ఏడాది గడువిచ్చినారు. నొప్పి రాకముందే తల్లులు బిడ్డలను తెస్తే గది ఉంటుంది, బుగ్గ వాచినాకనే తెచ్చేటట్లయితే అది మందుల సామాన్ల గది అవుతుంది. అదీ షరతు.

తెచ్చినారా? ఎవరు తెచ్చినారు! రోశమ్మ వదినా, స్తంభం చాటుకు జరగవద్దు, నీ మాటే చెబుతున్నాను. (నవ్వులు) “ఏందమ్మా జ్ఞానమ్మా, ఎట్లయినా ఊడిపోయే పండ్లకు డాక్టరేంది? కలకత్తాలో నేర్చుకొని వచ్చింది ఇదేనా?” అని నడివీధిలో అడిగినావా, లేదా? అడిగింది నువ్వొక్కతెవే అయినా, అందరి మనసులో ఉన్నదీ అదే.

మన ఆడవాళ్లు కలుపుకు పోతూ చేసే పని అందరికీ తెలిసిందే. చిన్న బెల్లం ముక్కను గుడ్డలో మూట కట్టి బిడ్డ నోట్లో పెడతారు, గట్టున ఉయ్యాల వేసి చేనులో దిగుతారు, బిడ్డ దాన్ని చప్పరిస్తూ నిద్రపోతుంది. మా ఇంట్లోనూ అంతే, ఈ జ్ఞానమ్మ కూడా ఆ గుడ్డ చప్పరించి పెరిగిన పిల్లే. అటువంటి పిల్లే నాతో అన్నది: “ఏడుపు ఆగుతుంది నాయనా, పన్ను పుచ్చుతుంది. పాలపన్నుకు చీము పడితే కింద మొలిచే పన్ను కూడా చెడవచ్చు. మొదటి పన్ను కనపడగానే తెస్తే, తడిగుడ్డతో ఎట్ల తుడవాలో చూపించి పంపిస్తాను. అంతకంటే ఏమీ చేయను.”

ఎవరు నమ్మినారు? వచ్చేదంతా బుగ్గ వాచిన బిడ్డలే. వాళ్లు పట్టకారు చూసి పెట్టే కేకలకు బయట నిలబడినవాళ్లు కూడా ఇంటికి పోయేవాళ్లు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చునే నా కూతుర్ని చూస్తే… సరే, అది పోయింది లెండి.

ఒకనాడు నేను అన్నం క్యారియరు తీసుకొని పోయేసరికి రోశమ్మ వదిన మనవరాలు తలుపు పట్టుకొని వదలడం లేదు. నాకేం తోచిందో, పోయి పళ్లు చూసే కుర్చీలో కూర్చుని నోరు తెరిచినాను. “రావే తల్లీ, నా నోట్లో ఏముందో నువ్వే చూడు.” జ్ఞానమ్మ చిన్న అద్దం దాని చేతికిచ్చింది. అది తొంగి చూసి, “అబ్బ, తాతా! నీ నోరు కప్పు పోయిన గుడిసె మాదిరి ఉందే!” అన్నది. అందరూ నవ్వితే అదీ నవ్వింది. నవ్వుతూనే నా ఒళ్లోకెక్కి, “ఇప్పుడు నాది చూడు” అన్నది.

ఇంకేముంది, మరునాటి నుంచి నాకు అదే ఉద్యోగం! ఏ బిడ్డ వచ్చినా ముందు తాత నోరు చూడాలి, తరువాతే తన నోరు చూపించాలి. పిల్లలు నవ్వుతూ ఇండ్లకు పోయినారు, ఆ నవ్వులు విని తల్లులు సంత రోజున చంటిబిడ్డలను ఎత్తుకొని వచ్చినారు. గురునాథం గారూ, మీ దుకాణంలో బెల్లం బేరం కొంచెం తగ్గించినాము, కోపం వద్దు. (అధ్యక్షులు: “ఫర్వాలేదు గిద్యోనూ, మా ఇంట్లో కూడా గుడ్డ మానిపించినాము!” చప్పట్లు)

జ్ఞానమ్మా, ఇటు చూడు తల్లీ. నీ చదువుకు నేను పెట్టింది ఏమీ లేదు, మిషనువారు పెట్టినారు. నేను చేసిందల్లా నోరు తెరవడమే. దానికే ఈ ఊరంతా నన్ను నీ తండ్రిగా గుర్తుపట్టి పలకరిస్తోంది. ఇంతకంటే నాకేం కావాలి?

ఇంకా చాలా చెప్పాలని… అదిగో, తలుపు దగ్గర నిలబడిందెవరు? రోశమ్మ వదిన చిన్న కూతురు కాదూ? ఏమ్మా, బేస్తవారిపేట నుంచి ఎప్పుడొచ్చినావు?

“ఇప్పుడే చిన్నాయనా. పాపకు పన్ను వచ్చింది. సభ అయినాక అక్కకు చూపించుకొని పోదామని.”

నొప్పిగా ఉందా?

“నొప్పేం లేదు చిన్నాయనా. ఊరికే తెచ్చినా. అమ్మే తెమ్మన్నది.”

విన్నారా అయ్యా! నొప్పేం లేదంట, ఊరికే తెచ్చిందంట, రోశమ్మ వదినే తెమ్మన్నదంట! (చప్పట్లు) జ్ఞానమ్మా, ఆ దండ తీసి చేతులు కడుక్కో. పెద్దలు మన్నించాలి, నా బిడ్డకు ఇంత గౌరవం చేసిన మీ అందరికీ జన్మంతా కృతజ్ఞుణ్ణి. నా నోరు తెరుచుకొని చాలాసేపయింది, ఇక ఆ పాప తెరవాలి. ముందు నేను పోయి కుర్చీలో కూర్చోవాలి కదా, సెలవు.